బీగిలును పెంచుట

కుక్కను గూర్చి వ్యాసము వ్రాయుట బడిపంతులునకు దగిన పనియేనా యని మా పాఠశాలలో నిద్దఱు మిత్రులు నవ్విరి. ఋగ్వేదమున పదవ మండలమందలి 108వ సూక్తమంతయు నొక కుక్క నడపిన రాయబారమే యని వారికి జ్ఞాపకము చేసితిని. పణులనువారు గోవులను దాచివేసినప్పుడు వాని జాడ పట్టి, రసానదిని దాటి, ఆ దొంగల యెదుట నిలిచి మాటలాడినది ఇంద్రుని దూతయగు సరమ. ఆ సరమ సంతతి గనుకనే సంస్కృతమున కుక్కలకు సారమేయములని పేరు. జాడ పట్టుట వానికి పుట్టుకతో వచ్చిన విద్య. ఆ విద్య మెండుగా గల జాతి యొకటి యిప్పుడు మన పట్టణములలో విరివిగా కానవచ్చుచున్నది. దాని పేరు బీగిలు. హైదరాబాదు, విశాఖపట్టణము, విజయవాడలలోని మేడల వరండాలలో పొడవైన చెవులు వ్రేలవైచికొని, కాటుక దిద్దినట్టి కన్నులతో వీథిలోనికి చూచుచుండు నీ చిన్నకుక్కను పాఠకులు చూచియే యుందురు. దానిని పెంచదలచువారికిని, పెంచుచు విసిగినవారికిని, ముఖ్యముగా బిడ్డ పుట్టినరోజున కొని యిత్తుమని మాట యిచ్చి కూర్చున్న తండ్రులకును, నాకు మూడేండ్లుగా తెలిసివచ్చిన సంగతులు కొన్ని చెప్పవలయునని నా కోరిక.

బీగిలు పుట్టినిల్లు ఇంగ్లండు. కుందేళ్ల వేటకై దానిని పెంచిరి. నక్కవేటకు గుఱ్ఱములపై పోవు దొరలకు ఫాక్సుహౌండులను పెద్దకుక్కలుండెను. గుఱ్ఱము లేనివారికి, పరుగెత్తలేనివారికి కాలినడకతో వెంబడింపదగిన కుక్క కావలసి వచ్చెను. 1830 దరిదాపుల ఎసెక్సు మండలమున హనీవుడ్ అను మతాచార్యుడు కూర్చిన మంద నేటి బీగిళ్లకు మూలమని యా జాతి చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. 1890లో నచ్చట బీగిలు క్లబ్బు ఏర్పడెను. కుక్క యెత్తు భుజము కడ 33 మొదలు 40 సెంటీమీటర్లు, బరువు పది పండ్రెండు కిలోలు. మేనిరంగు లెట్లున్నను తోకకొన తెల్లగా నుండవలయును. పొడవైన గడ్డిలో ముక్కు నేలకానించి పోవు కుక్క కనబడకపోయినను, తోకకొన జెండావలె కనబడునట్లు చేసిన యేర్పాటది. డార్విను మహాశయుడు 1831 మొదలు 1836 వఱకు లోకము చుట్టివచ్చిన యోడకును ఈ కుక్క పేరే పెట్టియుండిరి. మా బడిపిల్లలకు బీగిలనగా మొదట ఆ యోడయే స్ఫురించును.

ఇంత చరిత్ర యేల యందురా? బీగిలునందు మనకు తప్పుగా తోచునదెల్ల ఆ వేటలో గుణమే. వేటగాడు మైలుదూరము వెనుకబడినప్పుడు జాడ దొరకినదని తెలుపవలయును. కాబట్టి దానికి కుక్కల కెల్లను లేని యొక దీర్ఘమైన కంఠస్వర మబ్బినది. మొఱుగుట వేఱు, ఊళ వేఱు, ఇది వేఱు. శంఖము పూరించినట్లుండును. జాడ దొరకిన పిమ్మట యజమాని పిలిచినను మఱలరాదు. కాబట్టి పిలుపు వినని చెవి యబ్బినది. పదులకొలది కుక్కలు ఒక్క పాకలో పడుకొని, ఒక్క తొట్టిలో తిని, కలహింపక మెలగవలయును. కాబట్టి యెవరితోనైనను చెలిమి చేయు స్వభావమును, ఒంటరితనమన్న ప్రాణభయమును అబ్బినవి. తొట్టిలో వెనుకబడినదానికి మిగులునది లేదు. కాబట్టి తిండి కనబడిన వెంటనే మ్రింగుట యబ్బినది. ఈ కుక్కను నాలుగవ యంతస్తులోని రెండుగదుల వాటాలో పెట్టి, తలుపు మూసి, "ఇదేమి యల్లరికుక్క!" యని మనము విస్తుపోవుచున్నాము.

చాణక్యనీతియందు కుక్కవలన నేర్వదగిన గుణము లాఱు చెప్పబడినవి. దొరకినప్పుడు విశేషముగా తినుట, దొరకనప్పుడు కొంచెముతో తృప్తిపడుట, గాఢముగా నిద్రించుట, ఇంచుక యలికిడికే మేల్కొనుట, స్వామిభక్తి, శౌర్యము. మొదటిదానియందు మా కుక్కకు నూటికి నూఱు మార్కులు వేయవచ్చును. రెండవదానియందు సున్న. నిద్ర బాగుగనే యున్నది. అలికిడియన్న, వంటింటి డబ్బా మూత తీసిన యలికిడికి మాత్రమే మేల్కొనును. స్వామిభక్తి కలదు గాని, ఆ స్వామిపదవి తినుబండారము చేతనున్న ప్రతి మానవునకును చెందును. ఇక శౌర్యము. గత సంవత్సరము గ్యాసుబండ మోసికొని వచ్చిన క్రొత్తమనిషికి వీథిగుమ్మము మొదలు వంటింటివఱకు తోక యాడించుచు దారి చూపెను. కావలికై కుక్క కావలసినవారు దీనిని తేవలదు.

ఇది మా యింటికి వచ్చిన విధము చెప్పినగాని తరువాతి మాటలు తెలియవు. నా మేనల్లుడు హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగి; వాని భార్యయు నట్టి యుద్యోగినియే. 2020లో కరోనా వ్యాధి వ్యాపించి యందఱు నిండ్లలో కూర్చున్నప్పుడు, బడిలేక విసిగియున్న యేడేండ్ల కుమారునకు తోడుగా నుండునని యా సంవత్సరాంతమున నెలన్నర యీడుగల బీగిలుపిల్లను కొనితెచ్చిరి. స్నూపీ యని పేరు పెట్టిరి. అమెరికాలో చార్లెస్ షుల్జ్ 1950లో నారంభించిన బొమ్మలకథలోని బీగిలు పేరది. మన దేశమున బీగిళ్లలో సగమునకు ఆ పేరే యుండునేమో యని నా యనుమానము. ఏడాదిన్నర కాలము తల్లి, తండ్రి, బిడ్డడు పగలును రేయియు నింటనే యుండిరి. కుక్కకు మంద యెన్నడు నెడబాయలేదు. లోకమనగా నట్లే యుండునని యది నేర్చుకొనెను.

2022లో కచేరీలు తెఱచిరి; బడులును తెఱచిరి. ఉదయ మెనిమిదిన్నరకు మూసిన తలుపు సాయంత్ర మాఱున్నరకు గాని తెఱవబడదు. పది గంటలు! కారణము తెలియని జంతువునకు అది యెట్లుండునో యూహింపుడు. ముగ్గురును ఒక్కసారి తప్పిపోయిరి, తప్పిపోయినవారిని పిలుచుటకే తన కా గొంతు ఈయబడినది, పిలిచెను. పిలిచినకొలదియు నెవ్వరును రాలేదు గనుక మఱింత పిలిచెను. పైవాటాలో రాత్రిపాళీ పనిచేసి పగలు నిద్రించు యువకుడుండెను. క్రిందివాటాలో బాలెంత యుండెను. వారి తప్పును లేదు. అపార్టుమెంటు సంఘమువారు మూడుమాఱులు కాగితము పంపిరి. కుక్క తలుపు చెక్క గీకి గీకి గోళ్ల వెంబడి రక్తము తెచ్చుకొనెను. ఎవరో చెప్పగా మేనల్లుడొక పట్టెడ కొనెను. మొఱిగినప్పుడెల్ల మెడకు విద్యుత్తు తగులును. వేల్సు దేశమున 2010లోనే యిట్టివానిని నిషేధించిరి గాని యిచ్చట కోరినవారికి తపాలాలో వచ్చును. పట్టెడ కట్టిన మూడవనాటికి కుక్క గొంతు మూగవోయెను. ఇరుగుపొరుగువారు సంతోషించిరి. పదియవనాటికి ముందుకాలు నాకి నాకి తోలూడి పుండు చేసికొనెను. గొంతునకు దారి మూసినచో దుఃఖము కాలిగుండ వెలువడినది.

అప్పుడు మేనల్లుడు నాకు ఫోను చేసెను. "మామయ్యా, దీన్ని ఎవరికైనా ఇచ్చేద్దామనుకుంటున్నాం. బాబు ఒకటే ఏడుపు. మీరేమంటారు?" అని యడిగెను. నేనేమందును? నా భార్యవంక చూచితిని. ఆమె తరగిన బెండకాయముక్కలు ప్రక్కకు పెట్టి యిట్లనెను: "తెస్తే తెండి. కాని ముందు దాని పని ఏది ఎవరు చేస్తారో కాగితం మీద రాసి గోడకి అంటించండి. నా పేరు ఎక్కడుందో చూసి అప్పుడు మాట్లాడతాను."

కాగితము వ్రాసితిమి. తెల్లవారుజామున అయిదుగంటల నడక నాది. సాయంకాలపు నడక యెనిమిదవ తరగతి చదువు మా అమ్మాయిది. రెండుపూటల తిండి కొలిచి పెట్టుట ఆమెదే. స్నానము, చెవులు, గోళ్లు, మందులు, మలము తీసి పాఱవేయుట నావి. నా భార్య పేరిట ఏమియు లేదు. "ఇష్టమైనప్పుడు ముద్దుచేయుట" యని మా అమ్మాయి యడుగున చేర్చెను. మూడేండ్లుగా నా కాగితము వంటింటి తలుపు వెనుక నున్నది. నూనెమరకలు పడి పసుపుపచ్చనైనది గాని తీసివేయలేదు.

ఈ కాగితపుముక్కను గూర్చి యొకింత విస్తరించి చెప్పవలయును. నేనెఱిగిన గృహములలో కుక్కను కోరువాడు బిడ్డడు. కొని తెచ్చువాడు తండ్రి. సేవ చేయునది తల్లి. మేనల్లుని యింట ఆ యిల్లాలు అయిదున్నరకు లేచి, ముగ్గురికి భోజనపు డబ్బాలు కట్టి, కుక్క మూత్రము తుడిచి, దానిని క్రిందికి త్రిప్పి తెచ్చి, తాను స్నానముచేసి, తనయుద్యోగమునకు బోవలసి యుండెను. "నీకు కుక్కలంటే ఇష్టమే కదా" యని యామెను మెచ్చుకొనిరి! స్త్రీలు చదువుకొని యుద్యోగములు చేయవలయునని సభలలో చప్పట్లు కొట్టు మనము, ఇంటిలో క్రొత్తగా పుట్టిన ప్రతి చాకిరిని మాఱుమాటాడక వారి నెత్తిన పెట్టుచున్నాము. దానికి ప్రేమయని పేరు పెట్టుట మఱింత యన్యాయము. కుక్కను అప్పగింపవచ్చిన దినమున ఆ బిడ్డ మా వరండాలో కూర్చుండి కన్నీరు పెట్టుకొనెను. అందు దుఃఖమెంతయో, బడలిక తీఱిన హాయి యెంతయో నేను విడదీసి చెప్పలేను.

మా అమ్మకు డెబ్బదియాఱేండ్లు. మడి కలది. కుక్క వచ్చుచున్నదని విని, "వంటింటి గడప దాటకూడదు. దేవుడి గదివైపు చూడకూడదు. దాన్ని ముట్టుకున్న చేత్తో నా మంచినీళ్ల బిందె తాకితే ఊరుకోను" అనెను. సంస్కరణాభిమానులము గదా యని మేము నవ్వవలసిన పనిలేదు. ఆ నెలలోనే పశువైద్యుడు చెప్పిన నియమములు వినుడు: కుక్కను తాకిన పిదప చేతులు సబ్బుతో కడుగుకొనుడు, వండు చోటికి రానీయకుడు, కడుపులోని పురుగులకు మూడునెలల కొకసారి మందు వేయుడు. మా అమ్మ చెప్పినదానిలో మూడింట రెండుపాళ్లు వైద్యశాస్త్రమే. ఆమె యెఱుగనిది టీకా యొక్కటి. పిచ్చికుక్క కాటువలన వచ్చు వ్యాధి లక్షణములు పొడసూపిన పిమ్మట మనుష్యుడు బ్రతుకుట యించుమించు లేదు. పిల్లకు మూడవనెలలో వేయించి, మొదలు ప్రతి సంవత్సరమును టీకా వేయించుటలో నేమఱరాదు. ఇక మా అమ్మ సంగతి. స్నూపీ యనుట నోరు తిరుగక సుబ్బి యనెను. మగకుక్కకు సుబ్బి యేమని సుబ్బడనెను. ఇప్పు డందఱకును అది సుబ్బడే. పగలంతయు ఆమె వరండాలో ఒత్తులు చేసికొనుచు కూర్చుండగా నది గడప కీవల, ఆమె కాలికి జానెడు దూరమున, ముట్టుకొనక పడుకొనియుండును. ఆ జానెడు దూరమును ఇద్దఱును ఏ నాడును తప్పలేదు.

దాచక చెప్పవలయునన్న, మా యింట నది యేడ్వకుండుటకు మా శిక్షణ కారణము కాదు, మా అమ్మ కారణము. ఇంట మనిషి లేని సమయమే తక్కువ. అయినను పెండ్లిండ్లకు పేరంటములకు పోవలసి వచ్చును గనుక కొంత నేర్పితిమి. మొదట తలుపు మూసి రెండు నిమిషములలో తెఱచితిమి. పిదప అయిదు, పిదప పది. వెళ్లునప్పుడు బుజ్జగింపులు లేవు, వచ్చినప్పుడు సంబరములు లేవు. రాగిబిస్కత్తు ముక్కలు పాతపంచె మడతలలో దాచి యిచ్చి పోయెదము. దానిని వెదకుటలో నది మా నిష్క్రమణమును లెక్కచేయదు. రెండునెలలకు మూడు గంటలు నెమ్మదిగా నుండుట నేర్చెను. నాలుగు దాటించుటకు మాకు మనసు రాలేదు. కాలిపుండు మానెను, ఆ చోట వెండ్రుక తెల్లగా మొలిచెను.

తిండిమాట. వచ్చిననాడు దాని బరువు 17 కిలోలు. దినమంతయు ఒంటరిగా విడిచితిమే యను జాలిచే మేనల్లునివారు రాత్రివేళ బిస్కత్తులు, జున్ను, చపాతీలు పెట్టుచుండిరి. బీగిలు కడుపునకు చాలునను మాట తెలియదు. తెలియనిది తెలిసినట్లు నటింపను నటింపదు. ఇప్పుడే తిని వచ్చి, జన్మలో అన్నమెఱుగనట్లు మొగము పెట్టును. ఆ మొగమును నమ్మిన గృహస్థుడు దానిని చంపినవాడగును. పొడవైన వెన్నుగల జాతి. బరువు పెరిగిన కొలది వెన్నుపూసల నడుమ మెత్తనిబిళ్లలు జాఱి కాళ్లు చచ్చుపడు ప్రమాదము కలదు. వైద్యుడు నా చేయి తీసి దాని ప్రక్కటెముకలపై నుంచి, "కంటికి కనబడకూడదు, వ్రేలికి తగలవలయును" అనెను. నాటినుండి ఒక యిత్తడిగ్లాసు కొలతపాత్ర. ఇందు కష్టము కుక్కతో కాదు, మనుష్యులతో. పాలవాడు పెట్టును, ఎదురింటి పిల్లలు పెట్టుదురు. మడి గల మా అమ్మయును పెసరట్టు అంచు తుంచి గడపమీదుగా విసరుట నేను కన్నులార చూచితిని. పదునొకండు నెలలకు పండ్రెండున్నర కిలోలకు దిగెను. మెట్లెక్కునప్పుడు రొప్పుట మానెను.

మన వంటింటిలో దానికి విషమగునవి కలవని పలువు రెఱుగరు. పాయసములోని కిస్‌మిస్ మూత్రపిండములను చెఱుచును, ద్రాక్షపండ్లు నంతే. పులుసులోని ఉల్లి, పోపులోని వెల్లుల్లి రక్తకణములను విఱుచును. చాకొలెట్టు గుండెకు చేటు. పంచదార లేని చూయింగుగమ్ములలో వేయు జైలిటాలను తీపిపదార్థము మిక్కిలి ప్రమాదకరము. ఉడికిన యెముక చీలి పేగులలో గ్రుచ్చుకొనును. మన కుక్కలకు పెరుగన్నము మేలు; అదియు కొలతతోనే.

మహాభారతము ఆదిపర్వమున సరమ కొడుకు కథ కలదు. నన్నయభట్టును దానిని తెనుగు చేసెను. జనమేజయుడు యజ్ఞము చేయుచుండగా నక్కడికి వచ్చిన కుక్కపిల్లను రాజు తమ్ములు కొట్టిరి. హవిస్సును నాకలేదు, కన్నెత్తి చూడనైన లేదు, అయినను కొట్టిరని యది తల్లితో మొఱపెట్టుకొనెను. సరమ వచ్చి, తప్పు లేనివానిని కొట్టినందున ఎదురుచూడని భయము కలుగునని శపించెను. (మా సుబ్బడే యైనచో హవిస్సు మిగిలెడిదికాదు, శాపమునకు చోటుండెడిది కాదు.) కుక్కలను పెంచువారు ఈ కథ తప్పక చదువవలయును. మధ్యాహ్నము చింపిన పుస్తకమునకు సాయంత్రము కొట్టినచో కుక్కకు తెలియునది పుస్తకము సంగతి కాదు. యజమాని యింటికి వచ్చుట భయహేతువని మాత్రమే. బీగిలు సున్నితమైన జంతువు. కేక వేసిన చాలును, మంచము క్రింద దూరి పూటంతయు రాదు. తినుబండారమునకు లోబడు గుణముండుట మనయదృష్టము. మంచిపని చేసిన యుత్తరక్షణమున చిన్నముక్క యొకటి యిచ్చినచో తరగతిలో మొదటివాడుగా నేర్చును. మా బడిలో బెత్తము విడిచిపెట్టి యేండ్లయినది. ఇంటిలో పట్టుట యేల?

ముక్కునకు పని కల్పింపనివాడు బీగిలును పెంచరాదు. మనుష్యుని ముక్కున వాసన పట్టు కణములు సుమారు 50 లక్షలుండగా దీనికి 22 కోట్ల వఱకుండునని లెక్కకట్టిరి. వీథిలో నడిపించుటయనగా మనము గబగబ నడిచి దానిని లాగుకొనిపోవుట కాదు. అది యాగినచోట నాగుట. ప్రతి స్తంభము దానికొక వార్తాపత్రిక. అయితే మెడతాడు మాత్రము విడువరాదు. పులసచేపలు వచ్చు వానకాలమున గోదావరిగట్టున చేపలగంప మోసికొనిపోవు నామె వెంట మా అమ్మాయి నిది వీథి చివరవఱకు ఈడ్చుకొనిపోయెను. తాడు లేకున్నచో బండ్లను చూడదు, పిలుపు వినదు. ముక్కు పట్టిన దారియే దారి.

ఆ ముక్కునకు రాజగౌరవమును కలదు. 1984లో అమెరికా వ్యవసాయశాఖవారు లాస్ ఏంజెలిస్ విమానాశ్రయమున బీగిళ్ల దళమును నెలకొల్పిరి. అది తరువాత తక్కిన విమానాశ్రయములకు వ్యాపించెను. పచ్చచొక్కా తొడిగిన బీగిలు సామానుల నడుమ తిరుగుచు, పండో మాంసమో గల సంచికడకు వచ్చి, మొఱుగక మెల్లగా కూర్చుండును. పెద్దకుక్కయైన ప్రయాణికులు బెదరుదురు. దీనిని చూచి నవ్వుదురు. బిడ్డలను చూడబోవు మన తెలుగు తల్లిదండ్రులు పట్టుచీర మడతలలో బంగినపల్లిపండు దాచినను దానికి దాగదు.

ఇదే సాధుస్వభావము దానికి శాపమును అయినది. మందుల విషగుణము పరీక్షించు ప్రయోగశాలలలో ప్రపంచమంతట ఎక్కువగా వాడు కుక్క బీగిలే. మన దేశమునను అంతే. చిన్నది, మందగా నుండగలదు, సూది గ్రుచ్చిన చేతిని కఱవదు గనుక. 2022లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున, ప్రయోగశాలలకై బీగిళ్లను పెంచు నొకచోటినుండి సుమారు 4000 కుక్కలను విడిపించి గృహస్థుల కప్పగించిరి. క్రొత్తమందులకు జంతుపరీక్ష తప్పదను నిబంధనను సడలించు చట్టమును ఆ యేటి డిసెంబరులోనే యచ్చట వచ్చెను. మా అమ్మ నిత్యము వేసికొను రక్తపుపోటు మాత్ర వెనుక ఏ మూగజీవుల బాధ యున్నదో నే నెఱుగనివాడను కాను. కాబట్టి కఠినముగా మాటలాడుటకు నాకు నోరు రాదు. వేఱుదారి దొరకినచోట నైన ఆ దారిని పోవలయునని మాత్రము కోరుదును.

శరీరపోషణము సంగ్రహముగా చెప్పెదను. వ్రేలుచెవుల లోపల గాలి తగులక తేమ నిలిచి చీము పట్టును. మన కోస్తావారు వారమునకొకసారి చెవి యెత్తి వాసన చూడవలయును. పిడుదులు పట్టినచో రక్తమును చెఱుచు జ్వరము వచ్చును. తిండిపోతు బీగిలు ఒకపూట తినలేదన్న నదే ప్రమాదసూచన, ఆలస్యము చేయరాదు. వేసవిలో సూర్యోదయమునకు ముందును, రాత్రి తారు చల్లాఱిన తరువాతను నడిపింపవలయును; అఱచేయి ఆనింపలేని నేలపై దానికాళ్లు ఆనింపరాదు. వెండ్రుకలు పొట్టివైనను సంవత్సరమంతయు రాలును. చక్కగా చూచినచో పండ్రెండు మొదలు పదునైదేండ్లు బ్రతుకును. కొనువాడు ఈ సంఖ్యను బిడ్డ వయస్సునకు కూడి చూచుకొనవలయును. పదవయేట కుక్క నడిగిన బాలుడు కళాశాల ముగించుకొని యుద్యోగమునకు పోవు దినమునను అది యింటనే యుండును.

కొనుట తప్పదన్నచో, 2017లో కేంద్రప్రభుత్వము చేసిన కుక్కల పెంపకపు నియమముల ప్రకారము ఎనిమిది వారములు నిండని పిల్లను అమ్మరాదు. మేనల్లుని కమ్మినవాడు నెలన్నరకే తల్లినుండి తీసి యిచ్చెను. తల్లి చెంతను, తోడిపిల్లల చెంతను నేర్వవలసిన సహనము ఆ చివరి వారములలోనే నేర్చును. ఇంత ధనము పోసి కొనుటకంటె వీథిలోని యూరకుక్క పిల్లను తెచ్చుకొనుట మేలుగదా యని యడుగువారితో నాకు వాదము లేదు. మన యెండలకు, మన తిండికి అది తగినది, ఒంటరిగా కొంతసేపుండగలదు, కావలియు కాచును. విదేశపు పేరుగల కుక్క గొలుసు పట్టుకొని నడచుటలోని గౌరవము దానివలన రాదనుటయే దాని లోపము.

మా పాఠశాలలో గణితము చెప్పు మిత్రుడొకడు కార్తికమాసమున కూతురి పదవ పుట్టినరోజునకు బీగిలును కొనదలచి నన్ను సలహా యడిగెను. పదిదినములు అయిదుగంటలకు మా యింటికి వచ్చి సుబ్బనిని త్రిప్పుడు, పిమ్మట మాటలాడుదమంటిని. ఆయన నాలుగు దినములు వచ్చెను. అయిదవనాడు వాన. ఆఱవనాటినుండి కానరాలేదు. అయితే ఆ సాయంకాలము కూతురు గొడుగు వేసికొని వచ్చి, మా అమ్మాయితో కూడ నేను త్రిప్పవచ్చునా యని యడిగెను. నేటికి పదునొకండు దినములుగా తప్పక వచ్చుచున్నది. తండ్రి యింకను ఏమియు చెప్పలేదు.